సైనికుల పిల్లల చదువు: చెన్నపట్నం చెప్పే పాఠం



సైనికుల పిల్లల చదువు ప్రస్తావనకు వచ్చినప్పుడు మనం సాధారణంగా బదిలీలతో మొదలుపెడతాం. రెండు మూడేళ్ళకొకసారి తండ్రికి ఊరు మారుతుంది. తల్లి సామాను సర్దుతుంది. పిల్లవాడు కొత్త బడిలో, కొత్త భాషల నడుమ, చివరి బల్ల మీద కూర్చుంటాడు. ఇది వాస్తవమే గాని నేడు పుట్టిన సమస్య కాదు. మనం నివసిస్తున్న ఈ చెన్నై నగరంలోనే దీనికి రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తెలుగు ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది: సైనికుల పిల్లల కోసం ఇక్కడ పెట్టిన ఒక పాఠశాల మన వీధిబడుల బోధనా పద్ధతిని స్వీకరించి ప్రపంచమంతటికీ అందించింది. రెండవది: అదే పాఠశాల ఆ పిల్లల తల్లుల భాషను గడప అవతలే ఉంచింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నేడు మన చేతిలో ఉన్న పని ఏమిటో స్పష్టమవుతుంది.

పద్దెనిమిదవ శతాబ్దపు చెన్నపట్నాన్ని ఒకసారి తలచుకోండి. సెయింట్ జార్జి కోట చుట్టూ ఈస్టిండియా కంపెనీ సైన్యం పెరుగుతున్నది. ఫ్రెంచివారితోను, మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తానులతోను వరుస యుద్ధాలు జరిగాయి. ఐరోపా నుండి వచ్చిన సోల్జర్లలో అనేకులు ఇక్కడి స్త్రీలతో కాపురాలు చేశారు. వారు యుద్ధంలోనో, జ్వరాలతోనో మరణిస్తే, లేదా స్వదేశానికి వెళ్ళిపోతే పిల్లలు దిక్కులేనివారయ్యేవారు. అటువంటి ఆడపిల్లల కోసం 1787లోను, మగపిల్లల కోసం 1789లోను ఈ నగరంలో ఆశ్రమ పాఠశాలలు ఏర్పడ్డాయి. మగపిల్లల ఆశ్రమం ఎగ్మూరులో ఉండేది. కలకత్తాలో కూడ సైనికుల పిల్లలకు ఇటువంటి ఆశ్రమమే ఉండేది. మన తెలుగుకు మహోపకారం చేసిన సి.పి. బ్రౌన్ తండ్రి డేవిడ్ బ్రౌన్ 1786లో కలకత్తా చేరిన తొలి రోజులలో దాని బాధ్యతలు చూశాడు.

ఎగ్మూరు ఆశ్రమం నిర్వహణ ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ మతాచార్యునికి అప్పగించారు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో 1753లో జన్మించిన ఆయన 1787లో చెన్నపట్నం వచ్చాడు. సైనిక దళాలకు మతాచార్యునిగా ఆదాయం ఉన్నందున ఆశ్రమం నుండి జీతం తీసుకోలేదు. ఆయనకు ఎదురైన ఇబ్బంది మనందరికీ తెలిసినదే. పిల్లలు అనేకులు, పంతుళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ బోధనలో ఉత్సాహం లేదు. చిన్నపిల్లలకు అక్షరాలు పట్టుబడటానికే నెలలు గడిచిపోయేవి.

ఒకనాడు ఉదయం గుర్రం మీద పోతూ ఆయన ఒక తమిళ వీధిబడిని చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుండి, ఎదుట పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. ఆయన ఆశ్రమానికి తిరిగివచ్చి అదే విధంగా నేర్పమని పంతుళ్ళకు చెప్పాడు. వారు అది సాధ్యం కాదన్నారు. అప్పుడు బెల్ ఆ పనిని ఎనిమిదేళ్ళ బాలునికి అప్పగించాడు. ఆ బాలుని పేరు జాన్ ఫ్రిస్కెన్. సామాన్య సోల్జరు కొడుకు. పంతుళ్ళు చేయలేమన్న పనిని ఆ పసివాడు చేసి చూపించాడు. తనకంటె చిన్నవారిని కూర్చోబెట్టి ఇసుకలో దిద్దించి అక్షరాలు వచ్చేటట్లు చేశాడు. క్రమంగా పాఠశాల అంతా ఈ పద్ధతిలోకి మారింది. తెలిసిన పిల్లవాడు తెలియనివాడికి చెప్పాలి. ప్రతి బృందానికీ ఒక చిన్న గురువు ఉండాలి. ప్రతిరోజు ఎవరు ఎంత చదివారో పుస్తకంలో రాయాలి. తప్పు చేసినవాని విషయం కూడ తోటి పిల్లలే విచారించి చెప్పాలి.

పాఠకులారా, ఇందులో మనకు కొత్త ఏమున్నది? వీధి అరుగు మీద ఇసుక పోసి ఓనమాలు దిద్దబెట్టడం, పెద్ద పిల్లవాడు ముందు చెబితే మిగిలినవారు వల్లె వేయడం, గుణింతాలు వచ్చినవాడు రానివానికి చెప్పడం మన తాతముత్తాతల చదువు కాదా? 1623లో ఇటలీ యాత్రికుడు పియట్రో డెల్లా వాల్లె కన్నడ దేశంలోని ఇక్కేరిలో ఇటువంటి దృశ్యాన్నే చూసి రాసిపెట్టాడు. గురువు దగ్గర లేకపోయినా పిల్లలు కలిసి కూర్చుండి, ఇసుక మీద రాసుకుంటూ లెక్కలు నేర్చుకోవడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది.

తెలుగు బడుల విషయంలో మరింత గట్టి సాక్ష్యం ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధాని పరిధిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. 1826 నాటి ఆయన నివేదికలో 12,498 బడులు, 1,88,000 పైచిలుకు విద్యార్థులు తేలారు. అప్పటి జనాభా సుమారు ఒక కోటి 28 లక్షలు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన పండితుడు కూడ. ఆ జిల్లాలో 533 బడులుండగా వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెబుతూ తమ చదువును గట్టిచేసుకొనే ఈ పద్ధతి మెచ్చదగినదని, ఇంగ్లండు దీనిని అనుకరించడం ఉచితమేనని ఆయన రాశాడు. అదే నివేదికలో లోపాన్ని కూడ దాచలేదు. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని విమర్శించాడు. మన బడిని పొగిడిన మాటతో పాటు ఈ విమర్శను కూడ గుర్తుంచుకోవడం మనకు మేలు.

బెల్ ఆరోగ్యం దెబ్బతిని 1796లో ఇంగ్లండు తిరిగివెళ్ళాడు. మరుసటి ఏడు ఎగ్మూరు ప్రయోగాన్ని వివరిస్తూ లండనులో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అది మొదట పెద్దగా ఎవరి దృష్టిలోను పడలేదు. తరువాత జోసెఫ్ లాంకాస్టరు ఇటువంటి పద్ధతినే ప్రచారం చేయడంతోను, 1811లో ఇంగ్లండు చర్చి పక్షాన నేషనల్ సొసైటీ ఏర్పడి బెల్ పద్ధతిని చేపట్టడంతోను పేదపిల్లల బడులు వేలసంఖ్యలో వెలిశాయి. దానికి అక్కడివారు పెట్టుకున్న పేరు ‘మద్రాసు పద్ధతి’. కెనడాలోని న్యూ బ్రన్స్విక్‌లో కూడ మద్రాసు పేరుతో బడులు నడిచాయి. బెల్ ఇచ్చిన ధనంతో సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన ‘మద్రాస్ కాలేజి’ నేటికీ ఆ పేరుతోనే నడుస్తున్నది. మన అరుగుబడి ఇసుక అంత దూరం వెళ్ళింది.

ఇంతవరకు సంతోషించదగిన కథ. ఇకమీదటిది ఆలోచింపజేసే కథ.

ఆ ఆశ్రమాలలోని పిల్లలను ‘అనాథలు’ అన్నారు. కాని వారిలో అందరూ తల్లి లేనివారు కారు. తండ్రి పోతే చాలు, తల్లి బతికి ఉన్నా బిడ్డను అనాథగానే లెక్కించేవారు. ఆ తల్లులు ఈ దేశపు స్త్రీలు. ఇంట్లో తమిళమో, తెలుగో, దక్కనీ ఉర్దూయో మాట్లాడేవారు. ఆశ్రమాలు నడిపినవారి దృష్టిలో ఆ తల్లి ప్రభావం బిడ్డను చెడగొట్టేది. దానినుండి బిడ్డను తప్పించడం తమ ధర్మమని వారు నమ్మారు. కాబట్టి చదువు ఇంగ్లీషులోనే సాగింది. మగపిల్లలను చేతిపనులకు, సైన్యానికి, కంపెనీ కొలువులకు తయారుచేశారు. తిండి, బట్ట, వైద్యం, వృత్తి అన్నీ లభించాయి. ఆ కాలంలో దిక్కులేని బిడ్డకు అది చిన్న సాయం కాదు. కాని అమ్మ మాట దూరమైంది. ఇసుకలో దిద్దే పద్ధతి ఈ నేలది కాగా, ఆ ఇసుకలో దిద్దిన అక్షరం మాత్రం ఈ నేలది కాలేదు. 1870 దశకం తొలినాళ్ళలో మగపిల్లల ఆశ్రమం నీలగిరులలోని లవ్‌డేల్‌లో ఉన్న లారెన్స్ ఆశ్రమ పాఠశాలలో కలిసిపోయింది. ఎగ్మూరులో ఆ కథ ముగిసింది.

ఇది తెల్ల సోల్జర్ల పిల్లల సంగతి. మరి మన సిపాయిల పిల్లల మాటేమిటి? కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువారి సంఖ్య గణనీయం. క్లైవు వెంట బెంగాలుకు వెళ్ళిన దక్షిణాది సిపాయిల మూలంగానే అక్కడ సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడిందంటే ఆ సంఖ్యను ఊహించవచ్చు. బెంగాలు సైన్యంలో సిపాయి ఒంటరిగా దళంలో ఉండి కుటుంబాన్ని స్వగ్రామంలో ఉంచేవాడు. మద్రాసు సిపాయి ఆలుబిడ్డలను దళం వెంటే తీసుకుపోయేవాడు. దళం మకాం పెట్టిన చోట సిపాయి లైనులే ఆ పిల్లలకు ఊరు. సిపాయిల కొడుకులను, ముఖ్యంగా తండ్రి చనిపోయిన బాలురను, చిన్న జీతం మీద దళంలోనే చేర్చుకొని పెంచే ఏర్పాటు కూడ ఉండేది. ఆ ఇంటికి అది బియ్యానికి ఆధారం. బిడ్డకు మాత్రం తండ్రి తుపాకి తప్ప వేరే దారి కనబడని చదువు.

పంతొమ్మిదవ శతాబ్దం చివరికి బ్రిటిషు సేనాపతులు కొన్ని జాతులే యుద్ధానికి తగినవని నిర్ణయించి దక్షిణాదివారిని పక్కకు నెట్టారు. సైన్యంలో తెలుగువారి చేరిక బాగా తగ్గింది. ప్రపంచయుద్ధాల అవసరం వచ్చినప్పుడు తలుపులు మళ్ళీ తెరిచారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరం గ్రామం ‘మిలిటరీ మాధవరం’గా పేరు పొందింది ఈ సంప్రదాయం వల్లనే. అటువంటి ఊళ్ళ నుండి బయలుదేరిన కుటుంబాలే తరతరాలుగా కంటోన్మెంటు నుండి కంటోన్మెంటుకు తిరుగుతున్నాయి.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం ఈ పిల్లల చదువును గురించి క్రమపద్ధతిలో ఆలోచించింది. అంతకుముందు దళాలే తమ బడులను నడుపుకొనేవి. రెండవ వేతన సంఘం సిఫారసు మేరకు కేంద్ర ప్రభుత్వం 1962లో ఒక పథకాన్ని ఆమోదించి, 1963-64లో అటువంటి 20 రెజిమెంటు బడులను తన చేతిలోకి తీసుకొన్నది. అవే కేంద్రీయ విద్యాలయాలకు బీజం. 1965లో ప్రత్యేక సంఘటన్ ఏర్పడింది. నేడు దేశంలో ఇవి పన్నెండు వందలకు పైగా ఉన్నాయి. పాఠ్యక్రమం అన్నిచోట్లా ఒకటే. బదిలీ మీద వచ్చిన పిల్లవాడిని సంవత్సరం మధ్యలోనైనా చేర్చుకుంటారు. ప్రవేశంలో బదిలీ అయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు, సైనికుల పిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. 1983లో ఏర్పడిన సైనిక సంక్షేమ విద్యా సంస్థ ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళను నడుపుతున్నది. 1971 యుద్ధం తరువాత, యుద్ధంలో మరణించిన లేదా అంగవైకల్యం పొందిన సైనికుల పిల్లల చదువు ఖర్చును భరించే పథకం వచ్చింది. 2017లో దానికి నెలకు పదివేల రూపాయల పరిమితి విధిస్తే దేశమంతటా నిరసన రాగా, 2018లో ఆ పరిమితిని తొలగించారు.

ఇతర దేశాలు ఈ దిశగా నడిచింది ఇంకా ఆలస్యంగానే. అమెరికాలో రాష్ట్రం మారినప్పుడు సైనికుల పిల్లల రికార్డులు, తరగతులు, పరీక్షలు చిక్కుపడకుండా 2008లో ఒక అంతర్రాష్ట్ర ఒప్పందం మొదలైంది. తరువాత 50 రాష్ట్రాలూ అందులో చేరాయి. ఇంగ్లండులో 2011 నుండి సైనికుల పిల్లలున్న బడులకు తలకింత అని అదనపు నిధి ఇస్తున్నారు. అయితే ఆ దేశాలలో పిల్లవాడు ఏ ఊరికి మారినా చాలావరకు బడి భాష మారదు. మన దేశంలో రాష్ట్రం దాటితే లిపి సైతం మారుతుంది. కాబట్టి మన పిల్లల ఇబ్బందికి ఒప్పందం, నిధి మాత్రమే చాలవు.

ఇప్పుడు నేటి చెన్నైకి వద్దాం. పరంగిమల, తాంబరం వైమానిక స్థావరం, ఆవడి, కోట ప్రాంతం, ఇవన్నీ సైనికుల కుటుంబాలుండే చోట్లు. వాటిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆ పిల్లలు ఇంగ్లీషు, హిందీ చదువుతారు, సంస్కృతం నేర్చుకుంటారు, ఆటస్థలంలో తమిళం పట్టుకుంటారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. కేంద్రీయ విద్యాలయాలలో మాతృభాష కోరే పిల్లలు నిర్ణీత సంఖ్యలో ఉంటే తాత్కాలిక పద్ధతిలో ఉపాధ్యాయుని నియమించే వీలున్నది. అయితే ఆ సంఖ్య ఒకే బడిలో, ఒకే ఏడాదిలో కుదరడం కష్టం. ఈ ఏడు కుదిరినా, బదిలీల కాలం రాగానే చెదిరిపోతుంది. జార్జిటౌనులోని కన్యకా పరమేశ్వరి దేవస్థానం పాఠశాలలు, కేసరి పాఠశాలల వంటి తెలుగువారి విద్యాసంస్థలు నగరంలో ఉన్నప్పటికీ, ఆవడి నుండి గాని తాంబరం నుండి గాని చిన్నపిల్లను అంతదూరం రోజూ పంపడం సాధ్యమా?

“మాట్లాడితే చాలదా, రాయడం ఎందుకు?” అని తల్లిదండ్రులు కొందరు అడుగుతారు. సిపాయి హోదాలో చేరినవారు నలభై ఏళ్ళ లోపే ఉద్యోగ విరమణ చేయడం సామాన్యం. అప్పుడు కుటుంబం స్వగ్రామానికి తిరిగివస్తుంది. బిడ్డ ఏ ఎనిమిదో, తొమ్మిదో తరగతిలో తెలుగునాట బడిలో చేరుతుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. ఒకటి రెండు తరగతులలో అల్లరిగా నేర్చుకోవలసిన ఒత్తులు, గుణింతాలు పద్నాలుగేళ్ళ వయస్సులో సిగ్గుపడుతూ నేర్చుకోవలసి వస్తుంది. ఇంటికి తిరిగివచ్చాననుకొన్న బిడ్డ సొంత ఊరి బడిలోనే పరాయిదవుతుంది. ఎగ్మూరు ఆశ్రమంలో తెలిసి చేసిన పని, నేడు మన ఏమరుపాటు వల్ల జరుగుతున్నది. ఫలితంలో తేడా తక్కువ.

దీనికి మందు ఆ ఎగ్మూరు చరిత్రలోనే ఉన్నది. పంతుళ్ళు కాదన్న చోట ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇసుకలో దిద్దించాడు గదా! క్వార్టర్ల వరండాలో తెలుగు చదవడం వచ్చిన ఒక్క పెద్ద పిల్ల ఉంటే చాలు, నలుగురు చిన్నవారికి రోజుకు ఇరవై నిమిషాలు దిద్దించగలదు. ఉపాధ్యాయులు బిడ్డను చేర్చుకొనే రోజున మాతృభాష గడిని ఊరికే నింపక, “తెలుగు చదవగలవా, రాయగలవా?” అని అడిగి రాసిపెట్టండి. ఏ తరగతిలో ఎవరున్నారో తెలిస్తే పెద్దవారిని చిన్నవారితో జతపరచడం తేలిక. తల్లిదండ్రులు రోజుకు ఏ అక్షరం దాకా వచ్చిందో ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాయండి. బదిలీ అయినప్పుడు ఆ పుస్తకం సామానుతో పాటు వెళ్ళాలి. కొత్త ఊరిలో దిద్దించేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది. వెళ్ళిపోయే పెద్ద పిల్ల తన పనిని మరొకరికి అప్పగించి వెళ్ళాలి. సరిహద్దులో ఉన్న తండ్రికి, ఊరిలో ఉన్న అమ్మమ్మకు వారానికొక చిన్న ఉత్తరం తెలుగులో రాయించండి. కాంప్‌బెల్ చూపిన లోపం, అర్థం తెలియని వల్లింపు, దానితో తొలగిపోతుంది. తన మాట తాను రాసుకొనే బిడ్డకు అర్థం తెలియని మాట ఉండదు గదా.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పెద్ద పిల్లవాడు ఉపాధ్యాయునికి బదులు కాడు. మద్రాసు పద్ధతి ఇంగ్లండులో చెడ్డపేరు తెచ్చుకొన్నది ఈ సంగతి మరచినందువల్లనే. వందల పిల్లలకు ఒక్క పంతులు చాలునని డబ్బు మిగుల్చుకొన్నారు. చదువు యాంత్రికమైపోయి, ఆ శతాబ్దం నడిమికి శిక్షణ పొందిన యువ ఉపాధ్యాయులను నియమించుకోవలసి వచ్చింది. కనుక తెలుగు ఉపాధ్యాయుని కోసం దరఖాస్తులు పెట్టడం మానవద్దు. కోరే పిల్లల పేర్ల జాబితా తయారుచేసి ప్రతి ఏడూ ప్రధానోపాధ్యాయునికి ఇవ్వండి. వరండాలో నడిచే చిన్న బడి ఆ జాబితాను పెంచుతుంది. ఉపాధ్యాయుడు వచ్చేవరకు అక్షరాన్ని నిలబెడుతుంది.

దేశాన్ని కాచేవాని బిడ్డకు దేశం చాలా చేసింది, ఇంకా చేయవలసినదీ ఉన్నది. కాని అమ్మ మాటకు అక్షరం తొడగడం ఏ మంత్రిత్వ శాఖా చేయగలిగిన పని కాదు. అది ఇంటిలోను, పక్కింటి వరండాలోను జరగవలసిన పని. ఈ ఆదివారం మీ క్వార్టర్లలో తెలుగు పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టండి. వారిలో చదవడం వచ్చినవారు ఒక్కరున్నా, ఒక పళ్ళెంలో ఇసుక పోసి చిన్నవారిని పక్కన కూర్చోబెట్టండి.